నల్లబడ్డ వెండి ఉంగరం

పోయిన వానాకాలం మాట. మా అత్తవారిది గజపతినగరం దగ్గర పల్లె. ఉరుములు ఉరిమిన మర్నాడు మా అత్త చేనుగట్టు మీది చెదలపుట్ట దగ్గర పుట్టగొడుగులు ఏరుకొచ్చింది. కూర ఉడుకుతుంటే అందులో తన వెండి ఉంగరం వేసింది. అది నల్లబడితే కూర విషమని ఆవిడ నమ్మకం. ఆ పరీక్ష వట్టిదని నేను లైబ్రరీ పుస్తకంలో చదివాను. అందుకే ఉంగరం తీసి చూడకుండానే, ఆకలన్న మావయ్యకు వడ్డించేశాను.

ఆయన రెండోసారి కలుపుకుంటుండగా అత్త గరిటెతో ఉంగరం పైకి తీసింది. బొగ్గులా ఉంది. మావయ్య చేతిలో ముద్ద జారిపోయింది.

"ఒసే, నా పని అయిపోనాది. అబ్బాయికి ఫోను సెయ్యండి" అంటూ గోడకి జారబడ్డాడు.

నేను ఉంగరం చేతిలోకి తీసుకున్నాను. అంతలో గుర్తొచ్చింది. అత్త ఎప్పుడూ వెయ్యని వెల్లుల్లి ఈసారి నేను గుప్పెడు దంచి వేశాను. వెల్లుల్లికీ, గుడ్డుకీ కూడా వెండి నల్లబడుతుందని అదే పుస్తకంలో ఉంది. వెంటనే ఉంగరం తోమి, ఒక గుడ్డు ఉడికించి, ఆ వేడివేడి సొనలో గుచ్చాను. కాసేపటికి నల్లబడింది.

"చూశారా మావయ్యా" అన్నాను గర్వంగా.

ఆయన ముఖం ఇంకా పాలిపోయింది. "పొద్దున్న రెండు గుడ్లు తిన్నాను కదమ్మా. అవీ ఇసవేనేటి?"

అత్త నవ్వలేక కూలబడింది. "ఆ పుట్టకాడివి నా పెళ్లైనకాడ్నించి తింటన్నావు. నెగు, సెయ్యి కడుక్కో" అంటూ తను లేచి, ఆయన్నీ లేపింది.

సాయంత్రానికి మావయ్య కులాసాగా వచ్చి మిగిలిన కూర ఏదని అడిగాడు. మంచి పుట్టగొడుగుని గుర్తుపట్టేది అత్త కళ్లే, ఉంగరం కాదు. నేను మాత్రం ఇప్పుడు పుస్తకంలోని సంగతులు వడ్డించకముందే చెబుతున్నాను.