పాస్టరమ్మ లాత్వియన్ ప్రసంగం

నేపర్‌విల్‌లో స్నేహితుడి ఇంట్లో దిగిన నేను ఆదివారం ఉదయం షికాగో రైలెక్కాను. పక్క సీట్లో నలభై ఏళ్ల అమెరికన్ ఆవిడ ఒళ్లో కాగితాలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ ఏదో వల్లె వేస్తోంది.

"ఎగ్జామా అండీ?" అని అడిగాను.

"అలాంటిదే. నేను పాస్టర్‌ని, ఇది ఇవాళ్టి ప్రసంగం," అని నవ్వింది.

ఆమె తాతలు యుద్ధకాలంలో లాత్వియా నుంచి పారిపోయి వచ్చినవాళ్లు. ఆ తరంవాళ్లు ఇక్కడ కట్టుకున్న లూథరన్ చర్చికి ఇప్పుడు ఆమె పాస్టర్. లాత్వియాలోని వాళ్ల చర్చి ఆడవాళ్లకి ఆ పదవి ఇవ్వదట, ఇక్కడిది ఇస్తుందట. ఇన్నాళ్లూ లాత్వియన్‌లో జరిగిన ఆరాధనను ఇంగ్లీషులోకి మార్చాలా వద్దా అని ఆ రోజే సభ్యుల ఓటింగ్. మార్చమంటున్నది పెద్దవాళ్లే. అప్పుడైనా మనవలు వస్తారని వాళ్ల ఆశ.

"మరి మీరేమంటారు?"

"వద్దంటాను. పూర్వం మా తాతల దేశంలో పాస్టర్లు చాలామంది జర్మన్లే. మా భాష వచ్చీరానట్టు మాట్లాడేవాళ్లట. అమెరికాలో పుట్టిన నాదీ అదే పరిస్థితి. అయినా నాకు అందులోనే చెప్పాలనుంది."

సాయంత్రం తిరుగు రైల్లో ఆమె మళ్లీ కనిపించింది. ఏమైందని ఆత్రంగా అడిగాను.

"మూడు ఓట్ల తేడాతో మా భాషే ఉండిపోయింది. ఇంగ్లీషు కోసం పట్టుబట్టిన పెద్దాయన చాలా బాధపడ్డాడు," అంటూ కాగితాలు నా చేతికిచ్చింది. ప్రతి పేజీలోనూ పెన్సిల్ దిద్దుబాట్లే.

"ఇవి ఓటింగ్ అయ్యాక ఆయన దిద్దినవే. వచ్చే వారం ప్రసంగం శుక్రవారానికల్లా తనకి పంపమన్నాడు."