పెద్దమ్మ గుండెకు కొండగాలి

పెద్దమ్మ పోయిందని మొన్న కాజీపేట నుంచి కబురొచ్చింది. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. నేను వెళ్లేసరికే వాకిట్లో కూర్చున్నవాళ్లు తీర్పు చెప్పేశారు.

"ఆ గాలి మిషనే పానం తీసింది. గుండె జబ్బున్నోళ్లకు గాలి తగ్గిస్తరా ఎవలన్న?"

ఆ మిషను ఆమె కంటపడి ఏళ్లు దాటాయి. శవం ముందు కొట్లాడలేక అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

మా అమ్మకు అక్క ఆమె. రైల్వే గార్డు భార్య. పెద్దనాన్నకు ఛాతీలో మంటంటే ఆ పూటే దవాఖానకు తీసుకెళ్లి, అన్ని పరీక్షలూ చేయించి, గ్యాస్ అని తేల్చుకుని వచ్చారు. ఎడమచెయ్యి గుంజుతోందని పెద్దమ్మ నెలల తరబడి మొత్తుకుంటే, ఏ పరీక్షా లేకుండానే గ్యాస్ అన్నారు. నల్లా దగ్గర బిందెతో సహా కూలిపోయాక గాని అది గుండెపోటని ఎవరికీ తట్టలేదు.

ఆ తర్వాత అందరికీ ఒక్కసారే ప్రేమ పొంగింది. మంచం దిగనివ్వలేదు. కొడుకు ఆమె చేతిలోని చాట లాక్కునేవాడు, కోడలు చెంబు లాక్కునేది. మల్లెలు దండ గుచ్చుకుంటుంటే ఆయాసం వస్తుందని సూదీ దారమూ తీసుకెళ్లారు.

"కూసోబెడితే గుండె గూడ కూసుంటది బిడ్డా," అంది నాతో.

రష్యాలో చదివొచ్చిన ఒక కుర్ర డాక్టరు, హనుమకొండలో ఓ ప్రైవేటు దవాఖానలో గుండె జబ్బువాళ్లకు కొత్త సాధన చేయిస్తున్నాడని విని నేనే తీసుకెళ్లాను. ఒక మాస్కు, రబ్బరు సంచి, మధ్యలో చెడుగాలిని పీల్చేసే సున్నం గుళికల డబ్బా. విడిచిన గాలినే మళ్లీ పీలుస్తుంటే అందులో ప్రాణవాయువు కొంచెం కొంచెంగా తగ్గుతుంది, ఎత్తయిన కొండ మీద ఉన్నట్టు. కాసేపు అలా, తర్వాత మామూలు గాలి. అలా గుండెకు ఓర్పు నేర్పవచ్చని అతని ఆశ.

"గ్యారంటీ ఇయ్యలేనమ్మా. భయమైతే చెయ్యి లేపున్రి, ఆపేస్త," అన్నాడు, నాడి మీద వేలు తీయకుండా.

"నన్ను అడిగి చేస్తున్నవ్. అది చాలు," అంది పెద్దమ్మ.

మాస్కు తీశాక నవ్వింది. "కొండెక్కినట్టే ఉంది. దేవుడే కనవడలే."

వారాలు గడిచేకొద్దీ బస్సు దిగి ఇంటిదాకా ఎక్కడా ఆగకుండా నడవసాగింది. ఒకరోజు మేం వెళ్లేసరికి మిషను గదికి తాళం. దవాఖాన పెద్ద డాక్టరు వేయించాడు. పెద్దమ్మ నేరుగా ఆయన గదిలోకి నడిచింది.

"బంద్ వెట్టుడు మీ ఇష్టం సారూ. ఎందుకు వెట్టిన్రో మాకు చెప్పాలె గద?"

ఆయన నా వైపు తిరిగాడు. "ముసలామెకు జర సమజాయించి తీస్కపోండ్రి."

"నా మొకం జూసి చెప్పు," అంది పెద్దమ్మ. "గుండె నాది."

ఆయన బెల్లు కొట్టి తరువాతి రోగిని పిలిచాడు.

ఆ గాలి మేలు చేసిందో, నడక మేలు చేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. అది ప్రమాదమే కావచ్చు. అయితే ఆ మాటే ఆమెతో చెప్పడానికి నోరెందుకు రాలేదు? నొప్పి అన్నప్పుడు వినలేదు, మంచాన పడేసినప్పుడు అడగలేదు, తాళం వేసినప్పుడు చెప్పలేదు. చచ్చిపోయాక మాత్రం అందరూ డాక్టర్లే.

కుర్ర డాక్టరు ఊరు వదిలేముందు ఇంటికొచ్చాడు. "సంచి పట్టుకొని మీ అంతల మీరు ఎన్నడు చెయ్యొద్దమ్మా, పానం మీదికొస్తది. నడువున్రి. మెల్లగ, రోజింత."

ఆమె నడక మరి మానలేదు. ఎవరైనా నన్ను పక్కన పెట్టి నా గురించి మాట్లాడితే, "నాతో చెప్పండి" అనగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే.

ఆమెను చివరిసారి చూసింది కాజీపేట స్టేషన్లో. నేను రైలు దిగేసరికి వంతెన మెట్లు ఎక్కుతోంది. కింద నుంచి కొడుకు ఒకటే కేకలు: "అమ్మా, దిగే! మంది జూస్తాండ్రు!" ఆమె వెనక్కి తిరగలేదు. పైకి చేరి, కమ్మీ పట్టుకోకుండా, నడుం మీద చేతులేసుకుని ఊపిరి తీసుకుంది. అంతలో వంతెన కింద నుంచి బొగ్గింజను పోయింది. లేచిన పొగలో ఆమె కనిపించలేదు. పొగ విడిపోయాక చూస్తే, కొంగు దోపుకుని అవతలి వైపు మెట్లు దిగుతోంది.