తొమ్మిది బెజ్జాల బల్ల

ఊళ్లో సగం ఇళ్లకు అలమారాలు చేసిన కొలతల మేస్త్రి తన ఇంట్లో మాత్రం బట్టలు తాడు మీదే వేసుకునేవాడు. ముందుగదిలో రెండు స్టూళ్లు, గోడకు వరుసగా ఉలులు, రంపాలు, చిత్రికలు. అంతే. "మరి మీ అలమారా ఎప్పుడు మేస్త్రీ?" అంటే, "మొదలుపెట్టా. మధ్యలో ఇంకో ఇంటి పని వచ్చింది" అనేవాడు. నేను ఆయన దగ్గర పనిలో చేరేటప్పటికే అది మధ్యలో ఉంది.

ఆయనకూ భార్యకూ పిల్లల్లేరు. ఒక ఏడాది అనాథ పిల్లల వసతి గృహంలో కిటికీలు బాగుచేయడానికి వెళ్లాడు. అక్కడ ఏడేళ్ల పిల్ల ఒకతి రోజూ పక్కన చేరి, చిత్రిక నుంచి రాలే చెక్క చుట్టల్ని గాజుల్లా చేతికి తొడుక్కునేది. ఆఖరి రోజు మేస్త్రి పెన్సిల్ కనబడలేదు. మర్నాడు వెతుక్కుంటూ వెళ్తే, "వస్తావని తెలుసు" అని గౌను జేబులోంచి తీసి ఇచ్చింది. ఆ తర్వాత భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. పిల్లను మాకిస్తారా అని అర్జీ పెట్టారు. మూడు నెలలకు కబురొచ్చింది, గురువారం ఆఫీసరమ్మ ఇల్లు చూడటానికి వస్తుందని.

బుధవారం పొద్దున్నే మేస్త్రి వాళ్లక్క వచ్చి ముందుగది చూసి నెత్తి కొట్టుకుంది.

"ఒరేయ్, ఆఫీసరమ్మని స్టూలు మీద కూర్చోబెడతావా? ఈ కొంప చూస్తే పిల్లని కాదు కదా, పిల్లిని కూడా ఇవ్వరు!"

సాయంత్రానికి ఆవిడ ఇంటి సోఫా, బొమ్మలున్న అద్దాల షోకేసు నా భుజాల మీదుగా మేస్త్రి ఇంటికి చేరాయి. మేస్త్రి షోకేసు వెనక వేలితో తట్టి, "అక్కా, దీని వెనక పలక కాదు, అట్టముక్క" అన్నాడు.

"వెనక ఎవరు చూస్తారురా? నోరు మూసుకుని గోడకి ఆనించు."

పనిముట్లు గోనెసంచిలోకి వెళ్లాయి. మూలన ఒక చిన్న బల్ల ఉంది. మేస్త్రి మూడు నెలలుగా చేస్తున్నది. ఇంకా రంగు వేయలేదు. దాని కాళ్ల నిండా బెజ్జాలు చూసి అక్క, "ఇదేంటి, చెదలు తిన్నట్టుంది! దాచేయండి" అంది. వంటింట్లో తలుపు వెనక్కి నెట్టాం.

అక్క వెళ్లాక మేస్త్రి భార్య సోఫా అంచున కూర్చుని, "మన ఇంట్లో మనమే చుట్టాల్లా ఉన్నామండీ" అంది.

మర్నాడు ఆఫీసరమ్మ ఫైలుతో వచ్చింది. వెంట పిల్ల కూడా. నేను వంటింటి గుమ్మంలో మంచినీళ్ల గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను. పిల్ల నేరుగా షోకేసు దగ్గరకు వెళ్లి, "ఆ గుర్రం తీయవా?" అని మేస్త్రిని అడిగింది.

తాళం వేసి ఉంది. తాళంచెవి అక్క సంచిలో ఉంది. పిల్ల అడిగిందంటే మేస్త్రికి ఇంకేమీ గుర్తుండదు. జేబులోంచి వంకర తీగ తీసి అటూ ఇటూ తిప్పాడు. టక్‌మంది. గుర్రం పిల్ల చేతికి వచ్చింది. ఆఫీసరమ్మ రాయడం ఆపేసింది.

"మీ షోకేసు తాళంచెవి మీ దగ్గర లేదా?"

 మేస్త్రి తీగ ఎక్కడ దాచాలో తెలియక పిడికిట్లో పట్టుకున్నాడు. అంతా అయిపోయిందనుకున్నాను.

"మాది కాదమ్మా," అంది ఆయన భార్య. "మా ఆడపడుచుది. మీరు కూర్చున్న సోఫా కూడా ఆవిడదే."

"మరి మీదేది?"

మేస్త్రి భార్య ఒక్క క్షణం భర్త వైపు చూసింది. తర్వాత నన్ను పక్కకు తోసి వంటింట్లోకి వెళ్లి, బల్లను బరబరా లాక్కొచ్చి గది మధ్యలో పెట్టింది.

"ఇదమ్మా."

ఆఫీసరమ్మ సోఫాలోంచి లేచి వంగి చూసింది. పై పలకను నున్నగా రుద్దాడు. అడుగు వైపు, మోకాళ్లు తగిలే చోట, ఇంకా నున్నగా రుద్దాడు. ఆవిడ చెయ్యి అక్కడే కాసేపు ఆగింది.

"కాళ్లకిన్ని బెజ్జాలెందుకు?"

పని గురించి అడిగేసరికి మేస్త్రికి గొంతు వచ్చింది. "చీల తీసి పై బెజ్జంలో పెడితే ఎత్తు పెరుగుతుందమ్మా. పిల్ల పెరుగుతుంది కదా. ఏడాదికొకటి. మొత్తం తొమ్మిది. పదహారేళ్లు వచ్చేదాకా."

పిల్ల అప్పటికే స్టూలు లాక్కుని కూర్చుంది. మోకాళ్లు పలకకు కొట్టుకున్నాయి. మేస్త్రి కంగారుగా టేపు తీశాడు.

"కిటికీల పనప్పుడు తీసుకున్న కొలత," అని గొణిగాడు. పిల్లను లేపి, నాలుగు చీలలూ పీకి, రెండో బెజ్జంలో దిగ్గొట్టాడు. మళ్లీ కూర్చోబెట్టాడు. ఈసారి సరిపోయింది. పిల్ల గుర్రాన్ని పలక మీద నడిపించింది.

ఆఫీసరమ్మ ఫైలు మూసింది. "అప్పుడే ఒక బెజ్జం దండగైపోయింది. ఇంక మేం ఆలస్యం చేస్తే చివర్లో మీకు చాలవు" అంది.

సాయంత్రం అక్క పరుగున వచ్చింది. "ఏమందిరా? సోఫా నచ్చిందా?"

"కూర్చుందక్కా" అన్నాడు మేస్త్రి. షోకేసును వెనక్కి తిప్పి, అట్టముక్క పీకేసి, పలక బిగిస్తున్నాడప్పుడు.

ఇప్పుడా బల్ల ఆరో బెజ్జంలో ఉంది. మేస్త్రి కూతురు దాని మీదే లెక్కలు చేసుకుంటుంది. అలమారా మాత్రం ఇంకా మధ్యలోనే ఉంది.