మలుపులో మోగిన హారన్

కొరాపుట్ బస్టాండులో, నా భార్య ఎదుటే, ఒక బస్సు డ్రైవరు నన్ను పిచ్చివాడన్నాడు.

డెబ్బైల నాటి మాట. నా దగ్గర పాత విదేశీ కారుండేది, ఏనుగంత బండి. స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పితే హారన్ దానంతటదే మోగేది. ఆ రోజూ మోగింది.

"ఏటయ్యా, దెయ్యం బండి తెచ్చి సెవులు తినేత్తన్నావు! పిచ్చా ఏటి?" అని అరిచాడతను. జనం నవ్వారు.

స్టీరింగు గొట్టంలో హారన్ తీగ ఒరుసుకుపోయి ఇనుముకు తగులుతోందని పుస్తకాలు చదివి అప్పటికే నేనే కనిపెట్టాను. రోషంకొద్దీ ఆ పూటే తీగకు టేపు చుట్టాను. మోత ఆగింది.

తర్వాత కొన్నాళ్లకు రాయగడ వెళుతుంటే, ఘాట్‌రోడ్డు మీద పట్టపగలే పొగమంచు కమ్మేసింది. మలుపులో ఆ బరువు స్టీరింగుతో కుస్తీ పడుతూ హారన్ కొట్టడమే మరిచాను. పూర్తిగా కుడికి తిప్పానో లేదో, నా టేపును లెక్కచేయకుండా అదే గొంతెత్తింది! ఎదుట కీచుమని బ్రేకులు. బస్సు ముఖం మా కారుకు జానెడు దూరంలో ఆగింది. నా భార్య చేతులు జోడించింది.

దిగినవాడు ఆ డ్రైవరే.

"ఇప్పుడు చెప్పు, ఎవరికయ్యా పిచ్చి?" అన్నాను.

మా బానెట్ మీద చెయ్యి ఆనించి అతనన్నాడు:

"తప్పయిపోనాది బాబూ. ఆ హారన్ని మాత్రం బాగుసెయ్యకు."