పొందూరులో పూర్తిచేసిన పని

విజయనగరంలో అద్దె గదిలో కూర్చుని, బెంగళూరులోని ఒక కంపెనీకి పిల్లల సైన్సు పాఠాలు రాసి పంపడం నా ఉద్యోగం. ఎనిమిదేళ్లు చేశాను. రాయడం సంగతేమో గానీ, రాయకుండా రోజులు గడపడంలో నా అంత పనిమంతుడు ఉండడు. పన్నెండు పాఠాలకు గాను రెండు నెలల్లో ఒక్కటంటే ఒక్కటి రాశాను. మూడోసారి గడువు పెంచుతూ మా మేనేజరమ్మ ఫోన్లో చెప్పింది. "ఇదే ఆఖరు. ఈసారి కూడా ఇవ్వకపోతే మీ ఉద్యోగం నేను కాపాడలేను." అరిచి చెప్పి ఉంటే అంత భయం వేసేది కాదు. మెత్తగా చెప్పింది.

చోటు మారితే పని సాగుతుందని నాకు నేనే నచ్చజెప్పుకుని బ్యాగు సర్దాను. ముందు అరసవల్లిలో లాడ్జి. ఆటోల హారన్లకు తల పగిలిపోతోందని రెండు రోజులకే గది ఖాళీ చేశాను. నిజం చెప్పొద్దూ, ఆ రెండు రోజులూ లాప్‌టాప్ మూత తీయలేదు. అక్కడి నుంచి భావనపాడు వెళ్లాను. నేను దిగిన చోట సిగ్నల్ అందలేదు. అందనందుకు లోలోపల ఎంత సంతోషించానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సముద్రం ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయన నన్ను మూడు రోజులు చూసి, "ఏటి బావా, సెలవుల మీదొచ్చినావా?" అనడిగాడు. పని మీదే వచ్చానన్నాను. ఆయన నవ్వాడు. నాకు ఒళ్లు మండింది, ఆయన మీద కాదు.

చివరికి పొందూరు చేరాను. నూలు వడికే ఒక మామ్మ ఇంట్లో ముందుగది దొరికింది. డెబ్భై దాటిన ఆ మనిషి పొద్దున్నే అరుగు మీద కూర్చుని, వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వేది. ఆ ఎముకకున్న సన్నటి పళ్లలో చెత్తంతా చిక్కుకుని పత్తి తెల్లగా విచ్చుకునేది. చేతిలో ఎప్పుడూ పిడికెడే ఉండేది. మిగతా కుప్ప మీద పాత చీర కప్పి ఉండేది.

"ఇదంతా ఎప్పటికవుతుంది మామ్మా?" అనడిగాను.

"ఇదంతా నాకెందుకు బాబూ? సేతిలోది అయిపోతే ఇంకోటి తీస్తాను."

ఆవిడ చీర కప్పింది గాలికి పత్తి ఎగిరిపోకుండా. నేను చదువుకున్నవాణ్ణి కదా, అందులో జీవిత రహస్యం కనిపెట్టాను. ఇన్నాళ్లూ నన్ను భయపెట్టింది నా పని కుప్పేనని తేల్చుకుని, దాన్నీ కప్పేశాను. మెయిల్ మూసేశాను. ఫోన్లో కంపెనీ నంబర్లు మోగకుండా చేశాను. పాఠాలన్నీ అయ్యేదాకా ఎవరి మాటా నా చెవిన పడకూడదనుకున్నాను.

మర్నాటి నుంచి ఆవిడ పక్కనే చాప వేసుకుని కూర్చున్నాను. నా వేళ్లు ఆగితే చాలు, తలెత్తకుండానే "ఏటి, ఆపేసినావు?" అనేది. దొంగతనం బయటపడ్డట్టు ఉలిక్కిపడి మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. పదమూడు రోజుల్లో పదకొండు పాఠాలు పూర్తయ్యాయి. నా జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ పని చేయలేదు. గడువు దాటి మూడు రోజులైందని తెలుసు. పని బాగా వచ్చింది కాబట్టి మూడు రోజులు ఏపాటి అనుకున్నాను.

పంపుదామని మెయిల్ తెరిచాను. మా మేనేజరమ్మ వారం కిందటే రాసింది. "ఎలా సాగుతోంది? ఇంకొన్ని రోజులు కావాలంటే శుక్రవారం లోపు ఒక్క మాట రాయండి. పైవాళ్లను ఒప్పిస్తాను." శుక్రవారం దాటిపోయింది. ఆ రోజు నాలుగుసార్లు ఫోన్ కూడా చేసింది. దాని తర్వాత వచ్చిన మెయిల్ ఆవిడ రాసింది కాదు. పాఠాలు వేరేవాళ్లకు ఇచ్చేశారనీ, నా ఉద్యోగం ముగిసిందనీ కంపెనీ తరఫున రెండు వాక్యాలు.

అయినా పన్నెండూ మేనేజరమ్మకు పంపాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. "చదివాను. చాలా బాగున్నాయి. ఒక్క మాట రాసి ఉంటే సరిపోయేదండీ." తిట్టినా బాగుండేది. ఉద్యోగం బద్ధకంతో పోగొట్టుకుని ఉంటే నాకు తగిన శాస్తే అనుకునేవాణ్ణి. జీవితంలో మొదటిసారి ఒళ్లు వంచి పని చేసిన రోజుల్లోనే అది చేజారిపోయింది. ఇంక నన్ను నేను మార్చుకుని మాత్రం ఏం లాభమని ఏడుపొచ్చింది.

మామ్మ నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"పనయిపోనాదా బాబూ?"

"అయిపోయింది మామ్మా."

"మరి మొకం అలాగున్నాదేటి? ఏటయినాది, సెప్పు."

"రేపు చెబుతాను మామ్మా," అన్నాను.