మన్ను కప్పిన మూడు వరుసలు

ఇరవై రెండేళ్ల కిందట ఒక మనిషితో "లేదు" అన్నాను. అంతే. తిట్టలేదు, కొట్టలేదు, ఎవరి ఇల్లూ కూల్చలేదు. ఆ ఒక్క మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. నేను ఏటేటా బక్కచిక్కుతున్నాను, దాని బరువు మాత్రం తగ్గడం లేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లతో చెప్పుకుందామంటే నాకు మిగిలింది మా అన్న కొడుకులిద్దరే. వాళ్ల ముందు నోరు విప్పలేని సంగతి ఇది. నా భార్య ఉంటే ఆమెతో చెప్పేవాణ్నా? ఉన్నన్నాళ్లూ చెప్పలేదు కదా. కాబట్టి ఆ మాట కూడా అబద్ధమే.

ఊరి పేరు రాయను. వనపర్తి జిల్లాలో, వీపనగండ్ల నుంచి ఆటోలో పోయేంత దూరం. గుట్ట మీద పాడుబడ్డ కోట, గుట్ట కింద చెరువు, చెరువు తూము పక్కన ఛాతీ ఎత్తు నల్లరాయి. నేను సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. చరిత్రంటే ప్రాణం. సెలవుల్లో హైదరాబాదు పోయి ఒక పెద్దాయన దగ్గర పాత తెలుగు లిపి చదవడం నేర్చుకున్నాను. మా ఊళ్లో ఆ రాయిని చదవగలిగిన మనిషిని నేనొక్కణ్నే. ఆ గర్వం ఎంత ఉండేదో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

బడిలో ఏటా ఒక ప్రశ్న వచ్చేది. ఐదు మార్కులు. రాజ్యాన్ని జయించిన తర్వాత సుల్తాను తన అధికారాన్ని ఎలా స్థిరపరచుకున్నాడు? నేను చెప్పి రాయించేవాణ్ని. కోటలను బాగు చేయించాడు, శిస్తు వసూలు సక్రమం చేశాడు, నమ్మకస్తులకు పదవులు ఇచ్చాడు. పిల్లలు బట్టీ పట్టేవారు. ఆ ప్రశ్నకు అసలు జవాబు మా చెరువు కట్ట మీదే ఉందని నాకప్పటికి తెలియదు. తెలిసిన తర్వాత కూడా ఆ పాత జవాబే రాయించాను. అదీ నా తప్పే, కాకపోతే చిన్నది.

తూము తెరిచి మూసే పని, ఏ మడికి ఎంత నీరు పోవాలో చూసే పని చేసేవాళ్లను మా దిక్కు నీరటి అంటారు. మా ఊరి నీరటి బాలయ్య. నాకంటే పదేళ్లు పెద్ద. వాళ్ల నాయన పోచయ్య, వాళ్ల తాత బాలయ్య, ఆ పైన మళ్లీ పోచయ్య. కొడుకు పేరూ పోచయ్యే. ఆ ఇంట్లో పేర్లు అలా తిరిగి తిరిగి వస్తుంటాయి. చెరువు నిండిన ఏడాది తూము తెరిచే ముందు బాలయ్య ఆ రాయిని కడిగి, సున్నం పూసి, జాజుతో ఎర్రని పట్టెలు గీసి, మొదటి దోసెడు నీళ్లు రాతి మీద పోసేవాడు. ఆ తర్వాతే నీరు పొలాలకు పోయేది. వాళ్ల తాతముత్తాతల నుంచి వస్తున్న పద్ధతి. ఎందుకు పూస్తారో వాళ్లకూ తెలియదు. పూస్తారు, అంతే. సున్నం మీద సున్నం పడి రాతి మీది అక్షరాలు ఎప్పుడో మూసుకుపోయాయి.

తూము కింద రెండెకరాల చెలక ఉంది. నీరటి చేను అంటారు. తరాలుగా బాలయ్య వాళ్లే దున్నుకునేవారు. ఎత్తిపోతల కాలువ మా చెరువును కలుపుతుందని తెలిసిన రోజు నుంచి ఆ చేను మీద అందరి కళ్లూ పడ్డాయి. ఎండి పగుళ్లిచ్చిన చేను ఇక రెండు పంటలు పండుతుంది కదా. కాయితాల్లో ఆ చేను మా తాత పేరు మీద ఉందని మా అన్న బయటపెట్టాడు. ఉన్నమాట నిజమే. ఎలా వచ్చిందో, ఎవరు ఎక్కించారో మాత్రం ఎవరూ అడగలేదు.

బాలయ్య దగ్గర కాయితం లేదు. ఒక మాట ఉంది. తమ చేను సంగతి రాతి మీద రాసి ఉందని వాళ్ల తాత చెప్పాడట. ఊరి పెద్దలు పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుని తీర్పు చెప్పారు. సారు రాయి చదవాలి. రాతి మీద ఉంటే చేను బాలయ్యది, లేకుంటే కాయితం ఉన్నవాళ్లది. మా అన్న ఒప్పుకున్నాడు. బాలయ్య ఇంకా సంతోషంగా ఒప్పుకున్నాడు. చదివేది నేను గనక. వాళ్ల పోచయ్యకు చదువు చెప్పిన సారును గనక.

రెండు రోజులు ఆ రాయి ముందు కూర్చున్నాను. కొబ్బరి పీచుతో, నీళ్లతో సున్నం పొరలు వదిలించాను. తడి కాగితం అతికించి, బ్రష్‌తో తట్టి, సిరా అద్ది అచ్చు తీశాను. పైన ఫారసీ, కింద తెలుగు. మొదటి రోజు సాయంత్రమే ఫారసీ భాగాన్ని గద్వాలలో ఒక ముసలి మౌల్వీసాబు చదివిపెట్టాడు. దేవుని పేరు, సుల్తాను బిరుదులు, కోట చేజిక్కిందన్న మాట. తెలుగు భాగంలో పని మాటలు ఉన్నాయి. బురుజుల మీది పాత బంట్లను తీసేయవద్దు. కరణాన్ని మార్చవద్దు. రాయి అడుగు మన్నులో కూరుకుపోయి ఉంది. గడ్డపారతో తవ్వాను. ఇంకో మూడు వరుసలు బయటపడ్డాయి. వాటికీ అచ్చు తీశాను.

మిట్టమధ్యాహ్నం. కట్ట మీద నరపురుగు లేదు. ఆ మూడు వరుసలు కూడబలుక్కుని చదివినప్పుడు మొదట నాకు కలిగింది సంతోషం. నిజం చెబుతున్నాను, గంతులేయాలనిపించింది. కోట గెలిచినవాడు ముందు చేసిన పనుల్లో ఒకటి, ఈ చెరువు తూము ఎవరు కాస్తున్నారని అడగడం! అది మంచితనమని నేననుకోను. గుట్ట మీది కోట దొరికింది గాని, నీళ్లు ఎప్పుడు వదలాలో, ఏ మడి ఎంత తాగుతుందో వచ్చినవాడికి తెలియదు. తెలిసిన మనిషి భయపడి పారిపోతే పొలాలు ఎండుతాయి, పొలాలు ఎండితే సైన్యానికి గింజ లేదు. అందుకని అంత పెద్ద సుల్తాను, ఫారసీ అక్షరాల కింద తెలుగులో, మోకాలి లోతు బురదలో పనిచేసే ఒక మనిషి పేరు రాయించాడు. రాజ్యం ఎలా నిలబడిందో నాకు ఆ క్షణంలో అర్థమైంది. పాతికేళ్లు పాఠం చెప్పి అప్పుడు నేర్చుకున్నాను.

ఆ తర్వాతే మా అన్న గుర్తొచ్చాడు.

అన్న నన్ను చదివించాడు. తాను బడి మానేసి నాగలి పట్టి నన్ను చదివించాడు. ముందురోజు భోజనం దగ్గర ఒకే ఒక మాట అన్నాడు. "తమ్మీ, గా రాతి మీద ఏం రాసిందో నీకొక్కనికే ఎర్క." బెదిరించలేదు, బతిమాలలేదు. అన్నం కలుపుకుంటూ అన్నాడు. ఇన్నేళ్లూ నేను నాకు చెప్పుకున్న సాకు ఇదే, అన్న రుణం తీర్చుకున్నానని. అది సగమే నిజం. ఆ చేనులో నాకూ వాటా వస్తుందని ఆ మధ్యాహ్నం నాకు తోచలేదా? తోచింది. స్పష్టంగా తోచింది.

తవ్విన మన్నును చేతులతో మళ్లీ లోపలికి నెట్టాను. కాలితో తొక్కాను. చెప్పు గుర్తు పడితే దాన్ని చెరిపి మళ్లీ తొక్కాను. అంతలో బాలయ్య సున్నం బకెట్ పట్టుకుని కట్ట మీదికి వచ్చాడు. రాతిని ఒట్టిగా వదిలేయకూడదు, కడగడం అయిపోగానే పూయాలని వాళ్ల పద్ధతి.

"సారూ, సదివిండ్రా? మా ముచ్చటేమన్న ఉన్నదా?"

"సుల్తాను ముచ్చట ఉంది బాలయ్యా. కోట గెల్చినట్టు రాసిండ్రు."

"మా తాతల పేరు?"

"లేదు."

ఆయన రాతి మీది తడిని అరచేత్తో తుడిచాడు. తర్వాత అన్నాడు, "లేకుంటే లేదు తియ్యి సారూ. ఉంటే మీరెందుకు లేదంటరు?"

బకెట్ కింద పెట్టాడు.

"జర జరుగుండ్రి. సున్నమేస్త."

జరిగాను. ఆయన కూర్చుని మెల్లగా, మూలమూలలా, ఒక్క అక్షరం సందు వదలకుండా సున్నం పూశాడు. కిందికి వచ్చి, నేను తొక్కిన మన్ను దాకా పూశాడు. మన్ను పచ్చిగా ఉందని గమనించాడో లేదో నాకు తెలియదు. గమనించే ఉంటాడు. బతుకంతా మన్నూ నీళ్లూ చూసిన మనిషి. నా మాట మీది నమ్మకంతో తన కళ్లనే కాదనుకున్నాడేమో. ఇది తలచుకుంటే నాకు అన్నం దిగదు.

మర్నాడు పెద్దల ముందు అదే మాట చెప్పాను. రెండోసారి చెప్పడం తేలికైంది.

చేను మాకు వచ్చింది. బాలయ్య ఇల్లు మొత్తం పూనా పోయింది, బిల్డింగుల పనికి. మా పాలమూరు నుంచి అలా పోయినవాళ్లు ఎందరో ఉన్నారు గనక ఎవరికీ వింతగా అనిపించలేదు. కాని ఆయన ఏటా చెరువు నిండే వేళకు ఒక్కడే బస్సెక్కి వచ్చేవాడు. రాయి కడిగి, సున్నం పూసి, దోసెడు నీళ్లు పోసి, ఆ సాయంత్రమే వెళ్లిపోయేవాడు. చేను పోయినా పని వదల్లేదు. కలిసినప్పుడల్లా "బాగున్నరా సారూ" అని నవ్వేవాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన నన్ను తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ని.

రెండేళ్ల కింద పూనాలోనే చనిపోయాడని తెలిసింది. అన్న అంతకు ముందే పోయాడు. చేను ఇప్పుడు అన్న కొడుకులది. వరి వేస్తారు. నాకు రోజూ వాళ్లింటి నుంచే క్యారేజీ వస్తుంది. మూత తీస్తే తెల్లని అన్నం. ఏ చేను బియ్యమో నాకు తెలుసు. ఇంట్లో ఇంకో మనిషి లేడు. ఆ అన్నం ముందు ఒక్కణ్నే కూర్చుంటాను. మాట్లాడేవాళ్లు లేక మధ్యాహ్నమంతా రేడియో పెట్టి వదిలేస్తాను. ఈ సంగతి చెబితే క్యారేజీ ఆగిపోతుంది, వచ్చే ఆ ఇద్దరూ రారు. ఇంత ముసలితనంలో నేను భయపడుతున్నది దానికి. ఎంత చిన్న భయమో చూడండి.

ఈ ఏడు చెరువు నిండింది. సున్నం పూయడానికి ఎవరూ రాలేదు. రెండు వానాకాలాలకు పాత సున్నం పెళ్లలు పెళ్లలుగా రాలిపోతోంది. అక్షరాలు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. దారిన పోయేవాళ్లు చూస్తారు, పోతారు. చదవగలిగినవాణ్ని ఇప్పటికీ నేనొక్కణ్నే.

నిన్న ఉదయం గడ్డపార తీసుకుని వెళ్లాను. మోకాళ్లు సహకరించక కూర్చునే తవ్వాను. మూడు వరుసలూ బయటపడ్డాయి. ఈసారి మన్ను మళ్లీ కప్పలేదు. ఇంటికొచ్చి ట్రంకు పెట్టెలోంచి ఆనాటి సిరా అచ్చు తీశాను. ఇరవై రెండేళ్లుగా మడత విప్పలేదు. మడత దగ్గర చిరిగింది గాని అక్షరాలు చెక్కు చెదరలేదు.

పోచయ్య ఫోన్ నంబరు సంపాదించాను. ఇంకా చేయలేదు. రేపు చేస్తానని మీకు మాటివ్వను, నా మాట ఎలాంటిదో ఇంత చదివాక మీకు తెలుసు. క్షమించమనీ అడగను. అడగవలసిన మనిషి లేడు, ఆయన బదులు క్షమించే హక్కు మీకూ లేదు. నాకు కావలసింది ఆ మూడు వరుసలను ఒక్కసారి నా చేత్తో, ఇప్పటి తెలుగులో, ఎవరైనా చదవగలిగేలా రాయడం. రాస్తున్నాను.

ఈ చెరువు తూము కాచే పోచడు మునుపటి లాగే కాయాలి. తూము కింది చేను అతనిది, అతని బిడ్డలది. రాజులు మారినా ఎవరూ అడ్డం రాకూడదు.

ఉంది బాలయ్యా. మీ పేరు ఉంది.