సుత్తి మేస్త్రీ దవడ

మెకానిక్ షెడ్డులో సుత్తి మేస్త్రీకి మాటకంటే చెయ్యే ముందు లేస్తుంది. బిగుసుకున్న నట్టుకి బూతు, ఊడని గొట్టానికి తన్ను. తప్పు ఎవడిదో తేలితే వాడి దవడ పగలాల్సిందే.

ఆ రోజు ఇంజను చల్లగా ఉన్నా, వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. కొత్త సెన్సరు వేసినా దిగలేదు. దాన్ని పీకి నేలకేసి కొట్టి, "వైరింగు చేసింది నువ్వేగా!" అంటూ తమ్ముడి మీదికి స్పానరు విసిరాడు. చెవి చిట్లింది. నెత్తురు తుడుచుకోకుండానే తమ్ముడు సెన్సరు తీగ వెంట వేలు పోనిచ్చి, ఇనప పట్టీ దగ్గర ఆగాడు. దాని కింద తీగ నలిగి, రాగి బయటపడి ఇంజనుకి తగులుతోంది. పట్టీ విప్పగానే ముల్లు కిందికి జారిపోయింది.

"మొన్న ఈ పట్టీని సుత్తితో బాది కూర్చోబెట్టింది ఎవరు, అన్నా?"

మేస్త్రీ పిడికిలి లేచింది. అలవాటు తప్పకుండా, తన దవడ మీదే దించుకున్నాడు.